నాన్న మైకుసెట్టు రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే గొంతు చిట్లిపోతోంది, సాయం కావాలి

మైకుసెట్టు_అబ్బాయి
మా నాన్నగారు భీమవరం దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు మైకుసెట్టు నడిపారు. పెళ్ళిళ్ళు, తీర్థాలు, చవితి పందిళ్ళు, చుట్టుపక్కల ఏది జరిగినా ఆయన పెట్టె వెళ్ళాల్సిందే. ఆ రికార్డులన్నీ ఇంకా అటక మీదే ఉన్నాయి. ఈపీలు (45 వేగంతో తిరిగే చిన్నవి) 160 పైన, ఎల్‌పీలు (33 వేగంతో తిరిగే పెద్దవి) 70, పాత 78లు (78 వేగంవి) ఓ నలభై. ఆయనకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది, ముల్లు సరిగ్గా గాడిలో పెట్టలేరు. ఫోన్‌లో వేసిస్తే హాయిగా వింటారని మొదలుపెట్టాను.

నా దగ్గరున్నవి: కొత్త బెల్ట్ టర్న్‌టేబుల్ (నిమిషానికి 33, 45 చుట్లు మాత్రమే), దానికి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం), విడిగా కొన్న ఫోనో ప్రీయాంప్ డబ్బా, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్.

సమస్య ఏంటంటే, పాట పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు బొంగురుపోతోంది. తబలా దెబ్బ పడ్డప్పుడల్లా డొక్కు డబ్బా మీద కొట్టినట్టుంది. లెవెల్ ఎక్కువైందేమోనని ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ బాగా తగ్గించాను. మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటట్లేదు, అయినా అదే చిట్లుడు. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. నాన్నగారు విని "ఇది మన రికార్డు కాదురా" అన్నారు.

గుంటూరు_గ్రామఫోన్
మైకుసెట్టు రికార్డులంటున్నారుగా, ఇంక అనుమానం దేనికి. ఆ రోజుల్లో పికప్ బరువు ఐదారు గ్రాములుండేది, ఒక్కో పాట ఒక్కో పెళ్ళిలో పదిసార్లు వేసేవారు. గాడి అరిగిపోయి ఉంటుంది. అరిగిన రికార్డుకి మందు లేదు.

మైకుసెట్టు_అబ్బాయి
నేనూ అదే అనుకున్నాను గారూ. కానీ నిన్న సీలు కూడా విప్పని ఎల్‌పీ ఒకటి దొరికితే వేసి చూశాను. అదీ అంతే.

విశాఖ_వినికిడి
ముల్లుకి దుమ్ము పట్టిందేమో చూడండి. నాకోసారి పిల్లి వెంట్రుక చుట్టుకుని మూడు రోజులు తిప్పలు పెట్టింది.

సోల్డరింగ్_సుబ్బు
రెండు విషయాలు చెప్పండి. ఆడాసిటీలో జూమ్ చేసి చూస్తే తరంగం తలలు గుండ్రంగా ఉన్నాయా, కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయా? టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని రాసిన చిన్న స్విచ్ ఏమైనా ఉందా?

మైకుసెట్టు_అబ్బాయి
చదునుగానే ఉన్నాయి! మైనస్ 12 దగ్గరే కోసినట్టున్నాయి. అంతకన్నా పైకి వెళ్ళట్లేదు కాబట్టి అది మామూలే అనుకున్నాను. వెనక స్విచ్ ఉంది, లైన్ వైపు ఉంది. కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే ఉంచాను.

సోల్డరింగ్_సుబ్బు
దొరికింది. మీ టర్న్‌టేబుల్ లోపలే ఒక ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) ఉంది. స్విచ్ లైన్ వైపు ఉంటే అది పనిచేస్తున్నట్టు. మీరు దాని తర్వాత ఇంకో ప్రీయాంప్ తగిలించారు.

లెక్క చూడండి. మీదిలాంటి ఎం.ఎం. (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. ప్రీయాంప్ దాన్ని సుమారు 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచి అర వోల్టు దరిదాపుల్లోకి తెస్తుంది. ఇంటర్‌ఫేస్‌కి కావలసింది అంతే. మీరు ఆ అర వోల్టుని మళ్ళీ వంద రెట్లు పెంచమంటున్నారు, అంటే 50 వోల్టులు. ఆ డబ్బా నడిచేదే 12 వోల్టుల అడాప్టర్ మీద. ఎక్కడి నుంచి తెస్తుంది? తనకి చేతనైనంత ఇచ్చి మిగతాది కోసేస్తోంది. కోసిన తర్వాత మీరు ఇంటర్‌ఫేస్‌లో ఎంత తగ్గించినా తగ్గేది కోసిన తరంగమే. అందుకే మీటరు చల్లగా కనిపిస్తున్నా చెవికి చిట్లుతోంది.

ఇంకొకటి. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్‌కి గాడి అడ్డదిడ్డంగా ఊగి పక్క గాడిని తాకుతుంది, ట్రెబుల్ ఏమో ముల్లు రాపిడి చప్పుడులో మునిగిపోతుంది. దీన్ని తిరగేయడమే ఫోనో ప్రీయాంప్ అసలు పని. 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ కర్వ్ అంటే ఇదే. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గిస్తుంది. మీకు ఇది రెండుసార్లు జరుగుతోంది. తబలా డబ్బాలా మోగడానికి కారణం అదే.

స్విచ్ ఫోనో వైపు జరపండి. లేదా బయటి డబ్బా తీసేయండి. రెండింట్లో ఒకటే ఉండాలి.

మైకుసెట్టు_అబ్బాయి
సుబ్బు గారూ, మీకు దండం. స్విచ్ జరిపాను, అంతే. ఘంటసాల గారి గొంతు మళ్ళీ ఘంటసాల గారి గొంతులా ఉంది. నాన్నగారు మంచం మీంచి లేచి వచ్చి కూర్చున్నారు.

కానీ ఇప్పుడు కొత్తది మొదలైంది. పాట లేని చోట "ఊఁ" అని ఒకటే గుయ్యిమంటోంది.

గుంటూరు_గ్రామఫోన్
నేను అరిగిపోయిందని తేల్చేశాను, తప్పు నాదే. గుయ్యికి మాత్రం మొదట టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి వైరు చూడండి. చివర గుర్రపు లాడంలాంటి బిళ్ళ ఉంటుంది. దాన్ని ప్రీయాంప్ మీద జీఎన్‌డీ (గ్రౌండ్) అని రాసిన స్క్రూకి బిగించాలి. స్విచ్ లైన్‌లో ఉన్నన్నాళ్ళూ దాని అవసరం తెలియదు.

వరంగల్_వైర్లు
అది బిగించినా ఉంటే లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడన్నా. నాకు సగం గుయ్యి అట్లనే పోయింది.

మైకుసెట్టు_అబ్బాయి
వైరు బిగించాను, చాలావరకు తగ్గింది. ఛార్జర్ తీసేస్తే ఇంకా తగ్గింది. పూర్తిగా పోలేదు. మా బావ త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేస్తే పోతుందంటున్నాడు.

సోల్డరింగ్_సుబ్బు
వద్దు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్త్ ఉన్నది ప్రాణం కాపాడడానికి, ఇంట్లో పెద్దాయన చేతులు పెట్టే సామాను అది. ముందు ఆ సాకెట్‌లో ఎర్త్ అసలు వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి పెట్టండి. అడాప్టర్లని కార్ట్రిడ్జ్‌కి, ఆడియో వైర్లకి దూరంగా జరపండి.

మైకుసెట్టు_అబ్బాయి
ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. సాకెట్ వరకు వైరు ఉంది, పెరట్లో ఎర్త్ గొయ్యి మాత్రం ఎండిపోయి ఉంది. ఉప్పూ బొగ్గూ మార్చి, రెండు బిందెల నీళ్ళు పోసి, వదులైన క్లాంపు బిగించాడు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌లో చెవులు రిక్కించి వింటే తప్ప గుయ్యి లేదు.

విశాఖ_వినికిడి
పాటకి నీళ్ళు పోస్తే పెరుగుతుందని ఇప్పుడే తెలిసింది :)

గిగాబైట్_గోపి
ఇంత శ్రమ దేనికో నిజంగా అర్థం కావట్లేదు. సినిమా పాటలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. జాబితా రాసుకుని ఒక్కొక్కటీ వెతికితే వారంలో పని అయిపోతుంది.

లక్కపళ్ళెం
అన్నీ లేవు గోపీ. నేను పదేళ్ళుగా వెతుకుతున్నాను. నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు, ఊరి గుడి మీద పాడిన భక్తి పాటల ఈపీలు, వీటిల్లో చాలా వాటికి ఎవరింట్లోనో మిగిలిన రికార్డే ఆధారం. కపిలవాయి రామనాథశాస్త్రి గారు, స్థానం నరసింహారావు గారు గ్రామఫోన్‌లో ఇచ్చిన పద్యాలు ఈ రోజు మనం వినగలుగుతున్నామంటే ఇలాంటివాళ్ళు అటకలు దులపబట్టే. అబ్బాయి గారూ, ఆ నలభై 78ల లేబుళ్ళ మీద ఏముందో రాసి పెట్టండి. చేతులు వణుకుతున్నాయి నాకు.

మైకుసెట్టు_అబ్బాయి
సగం దాకా చూశాను. పద్యాలే ఎక్కువ. కుక్క బొమ్మవి, కొలంబియావి, ఓడియన్‌వి కూడా ఉన్నాయి. నాన్నగారు ప్రతి లేబుల్ మీదా పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు. ఒకదాని మీద "తెల్లవారుజామున వేయాలి" అని ఉంది.

గోపి గారూ, యూట్యూబ్‌లో దొరికేవి ఆయనకి వినిపించాను. వింటారు కానీ మధ్యలో "ఇక్కడ టక్కుమనాలి కదా" అంటారు. ఆ టక్కు మా రికార్డుది.

గిగాబైట్_గోపి
సరే, ఆ మాటకి ఎదురు చెప్పలేను. అయితే కనీసం ఫార్మాట్ విషయంలో అత్యాశకి పోవద్దు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. వినైల్‌లో మంచి రికార్డుకే 60, 70 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్ (అతి సన్నటి, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా), 16 బిట్‌లో 96 ఉంది. ఇంకా ఎందుకు?

సోల్డరింగ్_సుబ్బు
వినడానికి చాలు, ఒప్పుకుంటాను. రికార్డ్ చేయడానికి చాలదు. 24 బిట్ పెడితే లెవెల్ మైనస్ 10 దగ్గర నిశ్చింతగా ఉంచొచ్చు. ఎక్కడో ఒక గీత దగ్గర పెద్ద క్లిక్ వచ్చినా కన్వర్టర్ తట్టుకుంటుంది. 16 బిట్‌లో పైకి ఒత్తి రికార్డ్ చేయాలనిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటాం. ఇంకో కారణం, 96 కిలోహెర్ట్జ్‌లో తీస్తే క్లిక్‌లు సన్నగా, నిలువుగా కనిపిస్తాయి. తర్వాత వాటిని పట్టుకుని తీయడం తేలిక.

గిగాబైట్_గోపి
40 నిమిషాల ఎల్‌పీ 24/96లో (24 బిట్, 96 కిలోహెర్ట్జ్) దాదాపు 1.4 జీబీ. 70 ఎల్‌పీలకే వంద జీబీ.

సోల్డరింగ్_సుబ్బు
ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి కుదిస్తే అందులో సగం దరిదాపులకి వస్తుంది, నాణ్యత ఏమీ పోదు. ఒక టీబీ హార్డ్ డిస్కులో అన్నీ పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఇంత పని రెండోసారి చేయాల్సి వస్తే పోయే ఓపికతో పోలిస్తే ఆ డిస్కు ఖరీదు ఏపాటిది?

వరంగల్_వైర్లు
నేను 24/48 పెడతా. మీ ఇద్దరికీ మధ్యల ఉంటా.

ఆస్టిన్_ఆవకాయ
నాదో కథ చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇక్కడ వాడిన టర్న్‌టేబుల్ మా మావయ్యకి ఇద్దామని విజయవాడ పట్టుకెళ్ళాను. 110 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టాను. వేస్తే పాట నీరసంగా సాగుతోంది, సుశీల గారి గొంతు మగ గొంతులా వచ్చింది. మావయ్య నా మొహం చూస్తున్నాడు. విషయం ఏంటంటే అది ఏసీ సింక్రనస్ మోటరు, కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది కానీ 60 హెర్ట్జ్‌కి, 50 హెర్ట్జ్‌కి ఉన్న తేడాని మార్చదు. 33కి బదులు 28 లోపే తిరుగుతోంది. 50 హెర్ట్జ్ పుల్లీ తెప్పించి వేశాక దారికొచ్చింది. డీసీ మోటరు ఉన్నవాటికి ఈ బాధ లేదు.

శ్రుతిపెట్టె
అంత తేడా అయితే ఎవరికైనా తెలుస్తుంది. కొంచెం తేడా అయితేనే ప్రమాదం. నేను పాట నేర్పుతాను. వేగం ఆరు శాతం ఎక్కువైతే ఐదు శ్రుతిలో పాడింది ఐదున్నరలో వినిపిస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు టీటీడీ కోసం పాడిన అన్నమయ్య కీర్తనల ఎల్‌పీలు ఎవరో అలా ఎక్కించి పంపితే నా శిష్యురాలు తంబూరా దానికి కలుపుకుని ఏడాది సాధన చేసింది. తర్వాత సరిచేసుకోవడానికి పాపం ఎంత కష్టపడిందో.

రికార్డ్ చేసే ముందు స్ట్రోబ్ డిస్కుతో (చుట్టూ గీతలున్న బిళ్ళ) వేగం చూసుకోండి. కాగితం మీద ప్రింట్ తీసుకున్నా చాలు. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 33⅓ దగ్గర 180 గీతలుండాలి. పాత చోకు ట్యూబ్‌లైటు కింద పెడితే గీతలు కదలకుండా నిలబడాలి. ఎల్ఈడీ లైటు కింద చాలాసార్లు కుదరదు.

మైకుసెట్టు_అబ్బాయి
మేడమ్, మా వంటింట్లో ఇంకా చోకు ట్యూబ్‌లైటే ఉంది. టర్న్‌టేబుల్ అక్కడికి మోసుకెళ్ళి చూశాను. గీతలు ముందుకు మెల్లగా పాకుతున్నాయి, అంటే కాస్త ఎక్కువ తిరుగుతోంది. కింద చిన్న స్క్రూ ఉంటే తిప్పి ఆపాను. అమ్మ పులుసు పెడుతూ ఇదేం పూజరా అంది.

ఇంక శుభ్రం చేయడం సంగతి. ఈపీల మీద తెల్లటి బూజు ఉంది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచేస్తే పోతుందా?

లక్కపళ్ళెం
ఆగండి! 78ల జోలికి స్పిరిట్‌తో వెళ్ళకండి. అవి వినైల్ కాదు, లక్క. చెక్క సామానుకి పాలిష్ వేసేవాళ్ళు లక్కని స్పిరిట్‌లో కరిగించే పూస్తారు, మీరూ అదే పని చేసినట్టవుతుంది. మా తాతగారి పద్యాల రికార్డు ఒకటి నేను ఇలాగే చేతులారా పోగొట్టాను. దూది నల్లగా అవుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను. వదిలింది మురికి కాదు, గాడి. ఇరవై ఏళ్ళయింది, ఇంకా గుర్తొస్తే నిద్ర పట్టదు.

బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. లీటరుకి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. లేబుల్ తడవనివ్వొద్దు, మీ నాన్నగారి పెన్సిల్ రాతలు ముఖ్యం. 78లని నీళ్ళలో నాననివ్వొద్దు, వెంటనే తుడిచేయాలి.

విశాఖ_వినికిడి
వినైల్ మీద తెల్ల గమ్ము పోసి ఎండాక పొరలా లాగితే దుమ్మంతా వచ్చేస్తుందని వీడియోలున్నాయి కదా?

గుంటూరు_గ్రామఫోన్
ఉన్నాయి, కొంతమందికి బాగానే వచ్చింది. పొర మధ్యలో తెగితే గాడిలో ముక్క ఉండిపోతుంది. ఒక్కటే కాపీ ఉన్న రికార్డు మీద ఆ ప్రయోగం నేనైతే చేయను. 78ల మీద అసలే వద్దు.

మైకుసెట్టు_అబ్బాయి
మరి 78లు ఎలా ఎక్కించాలి? నా టర్న్‌టేబుల్‌లో 78 వేగం లేదు. నాన్నగారి పాత పెట్టెలో ఉంది కానీ దానికి సిరామిక్ పికప్.

సోల్డరింగ్_సుబ్బు
పాత పెట్టెతో ఎక్కించకండి. సిరామిక్ పికప్ వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, దానికి ఫోనో ప్రీయాంప్ అక్కర్లేదు, అది వేరే లెక్క. కానీ ఆ బరువు మిగిలిన గాడిని కూడా గీకేస్తుంది.

మీ వీఎం95 బాడీకి 78 కోసం ఎస్‌పీ అనే ముల్లు విడిగా దొరుకుతుంది. ఈ ముల్లు లాగేసి అది గుచ్చడమే. 78 గాడి వెడల్పు. దానికి మూడు మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, ఎల్‌పీ ముల్లు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. దాంతో వేస్తే గాడి అడుగున ఉన్న మట్టిలో ఈదుతుంది. పికప్ బరువు కూడా ఆ ముల్లు పెట్టె మీద రాసినంత పెట్టాలి.

వేగం సంగతి: 45లో తిప్పి రికార్డ్ చేసి, ఆడాసిటీలో 73.3 శాతం వేగం పెంచితే 78 అవుతుంది. కాకపోతే ప్రీయాంప్ ఆర్ఐఏఏ వేసేసి ఉంటుంది కాబట్టి, వేగం మార్చే ముందు ఆ కర్వ్‌ని తిరగేసి తీసేయాలి. వేగం మార్చాక 78కి తగిన కర్వ్ వేసుకోవాలి. ఆ కాలంలో ఒక్కో కంపెనీది ఒక్కో కర్వ్, చివరికి చెవే గురువు.

లక్కపళ్ళెం
సుబ్బు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. స్టీరియోలోనే రికార్డ్ చేసి తర్వాత రెండు ఛానెళ్ళూ కలిపి మోనో చేయండి. 78 గాడిలో పాట అడ్డంగానే ఉంటుంది, నిలువు కదలికంతా చప్పుడే. కలిపినప్పుడు అది చాలావరకు రద్దయిపోతుంది. ఒక్కోసారి గాడి ఒక గోడే అరిగి ఉంటుంది, అప్పుడు బాగున్న ఛానెల్ ఒక్కటే ఉంచుకోవచ్చు. అందుకే స్టీరియో ఫైలు పారేయకూడదు.

గిగాబైట్_గోపి
ఆ తర్వాత నాయిజ్ రిడక్షన్ గట్టిగా వేస్తే కొత్త పాటలా వస్తుంది.

శ్రుతిపెట్టె
రాదండీ. పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు వెనక హార్మోనియం శ్రుతి సన్నగా నిలబడి ఉంటుంది. మీ ఫిల్టరుకి అదీ చప్పుడే. అది పోయాక గొంతు గాలిలో వేలాడుతుంది. క్లిక్‌లు చేత్తో ఒక్కొక్కటీ తీయండి, బరబర ఉంటే ఉండనివ్వండి. చెవి రెండు నిమిషాల్లో అలవాటు పడుతుంది.

గిగాబైట్_గోపి
మా నాన్న అయితే బరబర వింటే ఆపేయమంటారు మేడమ్. వినేవాళ్ళని బట్టి ఉంటుంది.

సోల్డరింగ్_సుబ్బు
ఇద్దరికీ సరిపోయేది ఒకటే. మొదట తీసిన ఫైలుని ముట్టుకోకుండా దాచండి. శుభ్రం చేసేదంతా కాపీ మీదే. లేబుల్ ఫొటో, లేబుల్ పక్కన గాజులా ఉన్న చోట గీసిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగ్ గుర్తింపు నంబరు) కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి.

వరంగల్_వైర్లు
పద్యాలు ఎక్కించినంక మాకూ పంపన్నా.

గుంటూరు_గ్రామఫోన్
పంచేముందు సంవత్సరం చూసుకోండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. రాసినవాళ్ళ హక్కు వేరే, వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. పాత పద్యాలు చాలావరకు దాటిపోయి ఉంటాయి, సినిమా ఈపీలు అలా కాదు.

మైకుసెట్టు_అబ్బాయి
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఎస్‌పీ ముల్లు వచ్చింది. ఈపీలు 22, 78లు 6 అయ్యాయి. "తెల్లవారుజామున వేయాలి" అని రాసిన పద్యం మొదట ఎక్కించాను. నాన్నగారు పక్కనే కూర్చుని, పెళ్ళివారు పందిట్లో నిద్రపోతుంటే ముహూర్తానికి లేపడానికి దాన్ని వేసేవాడినని చెప్పారు. ఒక ఈపీ మీద పొడుగు గీత ఉంటే, వేలితో తడిమి అది ఏ ఊరి పెళ్ళిలో పడిందో, ఏ పెళ్ళికొడుకు తమ్ముడు ముల్లు లాగాడో కూడా చెప్పారు. ఆ క్లిక్ తీయబుద్ధి కాలేదు. ఆయన చెప్పేవన్నీ నోట్స్ ఫైలులో టైపు చేస్తున్నాను, అందుకోలేకపోతున్నాను.

లక్కపళ్ళెం
టైపు చేయడం దేనికి? మీ ఇంటర్‌ఫేస్‌కి మైకు ఇన్‌పుట్ ఉంటుంది కదా. ఒక మైకు తగిలించి ఆయన ముందు పెట్టండి. రికార్డు తిరుగుతున్నప్పుడు కాదు, అయిపోయాక.

మైకుసెట్టు_అబ్బాయి
ఇప్పుడే పెట్టాను. అటక మీద ఆయన పాత మైకే ఉంది, జాక్ మార్చితే పనిచేసింది. చేతిలో పెట్టగానే రెండుసార్లు వేలితో తట్టి, ఉఫ్ మని ఊది, "హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ" అన్నారు. మీటరు మైనస్ 10 దగ్గర సరిగ్గా నిలబడింది.